నేను రానన్నానట

మా నాన్న శాన్ ఆంటోనియో వచ్చిన రెండో వారం, ఊళ్ళ పేర్లు రాసిన కాగితం ఒకటి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద నా ముందు పెట్టారు. న్యూ బ్రాన్‌ఫెల్స్, ఫ్రెడరిక్స్‌బర్గ్, బోర్నె. అన్నీ మా ఇంటికి గంట, గంటన్నర డ్రైవ్‌లో ఉన్న ఊళ్ళే. పన్నెండేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నా, పీచ్ పళ్ళ కోసం ఒకే ఒక్కసారి తప్ప నేను అటు పోలేదు.

"ఇవేంటి నాన్నా?"

"నూట నలభై ఏళ్ళ కిందట జర్మన్లు వచ్చి కట్టుకున్న ఊళ్ళు. పాత చర్చీలు, రాతి ఇళ్ళు అలాగే ఉన్నాయట. తెలిసినవాళ్ళు ఉత్తరంలో రాశారు. శనివారం నీకు సెలవేగా?"

ఆ తెలిసినవాళ్ళెవరో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. అప్పట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలందరూ నయాగరా చూసేవారు, డిస్నీ వరల్డ్‌లో ఫోటో దిగేవారు. మా ఆయనైతే పగలబడి నవ్వారు. "అమెరికా వచ్చి జర్మనీ చూస్తానంటున్నారేంటి మామయ్యగారు? సరే, పిల్లల్ని నేను చూసుకుంటాను, నువ్వే తీసుకెళ్ళు" అన్నారు.

నాన్న ఒరిస్సాలో జర్మన్లు కట్టిన ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. కర్మాగారం మొదలయ్యే ముందు ఆయన్ని ఏడాదిపాటు ట్రైనింగ్‌కి జర్మనీ పంపారు. అక్కడి పనివాళ్ళ మధ్య తిరిగి భాష పట్టుకుని వచ్చారు. ఆ భాష డ్యూటీలోనే ఉండిపోయేది. ఇంట్లో ఆయన మాట్లాడేదే తక్కువ. అన్నం దగ్గర "చాలు", చదువుకునే వేళ "గట్టిగా చదువు", ఎవరైనా వస్తే "లోపలికెళ్ళు". నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా నాన్న నాతో అన్న మాటలన్నీ రాస్తే రెండు నోట్‌బుక్కులు నిండవు. నేను ఆయన్ని "మీరు" అనేదాన్ని. మా తమ్ముడూ అంతే. అమ్మకి విమానం అంటే భయం. అందుకని తమ్ముడి దగ్గర విశాఖపట్నంలో ఉండిపోయింది. ఆయనొక్కరే వచ్చారు.

మొదటి శనివారం న్యూ బ్రాన్‌ఫెల్స్ వెళ్ళాం. పాత చర్చి పక్కన నాన్న సమాధుల మీది రాతలు ఒక్కొక్కటీ పైకి చదివి నాకు తెలుగులో చెప్పారు. ఈవిడ పురిట్లో పోయింది, ఈయన వడ్రంగి, ఈ ముగ్గురు పిల్లలూ ఒకే నెలలో పోయారు. తర్వాత ఒక పాత ఇంట్లో పెట్టిన మ్యూజియంకి వెళ్ళాం. గైడ్ నడివయసు ఆవిడ. గుమ్మంలోనే నా వైపు తిరిగి, "ఆయనకి ఇంగ్లీషు వస్తుందా?" అని అడిగింది. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. నేను జవాబు చెప్పేలోగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో మాట విడదీసి, "వెల్... కమ్..." అని అరిచింది.

నాన్న తల వంచి జర్మన్‌లో ఏదో అన్నారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. "నాకు జర్మన్ రాదు, మా నానమ్మకి వచ్చేది" అంది. లోపల గోడ మీద కుట్టుపని చేసిన గుడ్డ ఒకటి అద్దం కింద పెట్టి ఉంది. దాని మీది అక్షరాలకి ఆవిడ చెప్పిన అర్థం తప్పట. నాన్న మెల్లగా ఇంగ్లీషులో సరిచేశారు. ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడలేదు. నాతో, "టూర్ మధ్యలో అడ్డు రావద్దని మీ ఫాదర్‌కి చెప్తారా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు చదవలేనిది ఆయన చదువుతున్నారు, ఆయనకే థాంక్స్ చెప్పండి" అన్నాను. మిగతా టూరిస్టులు చూపులు తిప్పుకున్నారు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "పోనీలే అమ్మా, పద" అని బయటికి తీసుకొచ్చేశారు. దారి పొడవునా నేను స్టీరింగ్ మీద చెయ్యి కొడుతూ ఆవిడని తిడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం కిటికీ దించుకుని గాలికి జుట్టు ఎగురుతుంటే హాయిగా కూర్చున్నారు. "ఆ గుడ్డ కుట్టిన అమ్మాయికి పద్నాలుగేళ్ళు, తెలుసా" అన్నారు. ఆ రోజు ఆయన పక్షాన నాకు వచ్చినంత కోపం నా పక్షాన నాకెప్పుడూ రాలేదు.

రెండో శనివారం ఫ్రెడరిక్స్‌బర్గ్. ఎద్దుబళ్ళు వెనక్కి తిప్పుకోవడానికి వీలుగా వేశారట, అక్కడి మెయిన్ స్ట్రీట్ అంత వెడల్పు. ఎనిమిది మూలల చర్చి చూశాం. పక్క సందుల్లో చిన్న చిన్న ఇళ్ళు కనిపించాయి. పొలాల్లో ఉండే రైతులు శనివారం బళ్ళు కట్టుకుని వచ్చి, ఆదివారం ప్రార్థన చేసుకుని వెళ్ళేదాకా ఉండడానికి కట్టుకున్న ఇళ్ళవి. ఒక గది, మీద అటక, బయటి నుంచి మెట్లు. అలాంటి ఇంటి వరండాలో ఒక ముసలావిడ కుర్చీలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఎనభై ఏళ్ళుంటాయి. నాన్న టోపీ తీసి జర్మన్‌లో పలకరించారు.

ఆవిడ చేతిలో బీన్స్ అలాగే ఉండిపోయాయి. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలెట్టింది చూడండి, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. మమ్మల్ని పైకి రమ్మంది, కుర్చీలు వేసింది, కాఫీ తెచ్చింది, పీచ్ పళ్ళు పరిచి కాల్చిన కేకు తెచ్చింది. ఆమెది తాతల కాలం నాటి పల్లె జర్మన్, నాన్నది కార్ఖానా జర్మన్. ఒకరి మాటకి ఒకరు నవ్వుకుంటున్నారు. ఆవిడ పిల్లలకి గానీ మనవలకి గానీ ఆ భాష రాదట. ఈ మధ్య మాట్లాడడానికి మనిషే లేడట.

నేను కేకు తింటూ మా నాన్నని చూశాను. ఆయన చేతులు తిప్పుతున్నారు. కథలు చెప్తున్నారు. ఒకచోట లేచి నిలబడి, ఎవరో కొలిమి ముందు నుంచి పారిపోయినట్టు అభినయించి చూపించారు. ఆవిడ పొట్ట పట్టుకుంది. నాకు ముప్పై ఏడేళ్ళు. ఆ మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ముందు ముచ్చటేసింది. కాసేపటికి ఉక్రోషం వచ్చింది. ఇన్ని మాటలు ఉన్న మనిషి మాకు రోజుకి పది మాటలు ఎందుకు కొలిచి పోశాడు?

గంట గడిచాక ఆవిడ నా వైపు తిరిగింది. ఇంగ్లీషులో ప్రేమగానే అంది: "అయితే జర్మనీ రానని మొండికేసిన పిల్లవి నువ్వేనన్నమాట."

"నేనా?" అన్నాను.

"చదువుకి తీసుకెళ్తామంటే భయపడి ఏడ్చావటగా. చివరికి చూడు, అంతకన్నా దూరమే వచ్చావు!"

నేను నాన్న వైపు చూశాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. నా కళ్ళలోకి చూడలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. నాకు పదిహేడేళ్ళప్పుడు, అంటే అరవైల మొదట్లో, మా కాలనీలో ఒక జర్మన్ ఇంజనీర్ భార్య ఉండేది. కాలనీ ఆసుపత్రి లాబ్‌లో పనిచేసేది. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. అమ్మకి మలేరియా వచ్చినప్పుడు రక్త పరీక్షకి వెంట వెళ్ళాను. ఆవిడ నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో మలేరియా పురుగుని చూపించింది. మర్నాడు నేనే వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ఏడాదిన్నరపాటు కాలేజీ అయ్యాక రోజూ ఆవిడ పక్కన స్టూల్ మీద కూర్చున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం ఎన్ని మాట్లాడుకునేవాళ్ళమో! స్లయిడ్‌కి రంగు వేయడం, కణాలు లెక్కపెట్టడం ఆవిడే నేర్పింది.

తర్వాత వాళ్ళు తిరిగి వెళ్ళిపోయే రోజులొచ్చాయి. చివరి నెలలో ఆవిడ మారిపోయింది. నేను లాబ్‌కి వెళ్తే, పని ఉందని తలుపు దగ్గరే ఆపేసేది. వెళ్ళేరోజు నేను వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. ఆవిడ కారులోంచి తల ఊపింది, అంతే. నేనేం తప్పు చేశానో తెలియక చాలా నెలలు ఏడ్చాను. ఏ గాజు సామానైనా పగలగొట్టానా, ఎక్కువ చనువు తీసుకున్నానా అని ఎన్నిసార్లు లెక్క చూసుకున్నానో. ఆ తర్వాత పెళ్ళయింది, అమెరికా వచ్చాను, ఇద్దరు పిల్లలు. ముప్పై ఏళ్ళు దాటాక, పిల్లల్ని డేకేర్‌లో దింపి కాలేజీలో చేరి, నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చుని లాబ్ టెక్నాలజీ చదివాను. అప్పటికి ఆసుపత్రి లాబ్‌లో ఉద్యోగం వచ్చి మూడేళ్ళే అయింది.

ఆ వరండాలో ముసలావిడకి తను ఏదో తప్పు మాట అన్నానని అర్థమైపోయింది. నేనే వదల్లేదు. "ఆయన ఇంకా ఏం చెప్పారు? ప్లీజ్, చెప్పండి" అన్నాను. ఆవిడ నాన్నని జర్మన్‌లో ఏదో అడిగింది. ఆయన తల ఊపారు. అప్పుడు చెప్పింది. మేడమ్ తన ఊరి ఆసుపత్రిలో నాకు మూడేళ్ళ ట్రైనింగ్ సీటు అడిగి తెప్పించిందట. ఉండడానికి వాళ్ళ అమ్మగారి ఇల్లు. ఇంజనీర్ వచ్చి మా నాన్నతో మాట్లాడాడట. మా అమ్మాయికి ఇష్టం లేదు, దేశం కాని దేశం రానని ఏడుస్తోంది, ఇక ఆ మాట దాని దగ్గర ఎత్తవద్దు అని మా నాన్న జవాబిచ్చారట.

నాకు ఆ సంగతి ఒక్క ముక్క తెలియదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

కారెక్కాం. ఊరు దాటేదాకా ఓపిక పట్టాను. అవతల పీచ్ తోటల పక్కన కారు ఆపేశాను.

"నేను రానన్నానా?"

"అదెప్పటి మాటో అమ్మా."

"నేను ఏడ్చానా? భయపడ్డానా? ఎప్పుడు? ఏ గదిలో?"

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నువ్వు వద్దనుకుంటే నువ్వు వద్దన్నావని చెప్పు. నా నోట్లో మాట ఎందుకు పెట్టావు?"

జీవితంలో మొదటిసారి మా నాన్నని నువ్వు అన్నాను. అన్న తర్వాత వెనక్కి తీసుకోలేదు. ఆయనా గమనించారు. తోట వైపు చూస్తూ, "నేను వద్దంటే వాళ్ళు బతిమాలేవాళ్ళు. పెద్ద ఆఫీసరు, మాటకి ఎదురు చెప్పడం కష్టం. నీకిష్టం లేదంటే అక్కడితో అయిపోతుందనుకున్నాను" అన్నారు.

"అయిపోయింది. ఆవిడ నా ముఖం చూడడం కూడా మానేసింది."

"పంపితే నువ్వు తిరిగి రావనుకున్నాను."

"ఇప్పుడు నేనెక్కడున్నాను నాన్నా?"

"ఇక్కడికి పెళ్ళి చేసి పంపాను కదమ్మా."

అదీ మా నాన్న లెక్క. పంపితే తప్పులేదు, వెళ్తే తప్పు. ఆ గంటా నేను డ్రైవ్ ఎలా చేశానో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చాక మా ఆయనకి చెప్పాను. అంతా విని, "ఇరవై ఏళ్ళ నాటి సంగతి, వదిలెయ్యి. నువ్వు జర్మనీ వెళ్ళుంటే మనకి పెళ్ళయ్యేదా, ఈ పిల్లలు ఉండేవాళ్ళా?" అన్నారు. ఆ తర్వాత ఈ కథ ఎవరికి చెప్పినా ఇదే ప్రశ్న. ఇది అడగ్గానే నేను నోరు మూసుకోవాలని అందరి ఉద్దేశం. నా పిల్లలు నాకు ప్రాణం. అయినా, నన్ను అడగకుండా నా జవాబు చెప్పినవాడికి నా పిల్లలు సాక్ష్యం ఎలా అవుతారు?

నాలుగు రోజులు నాన్నతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి లేచిపోయేదాన్ని. ఐదో రోజు, లాబ్ నుంచి రాగానే అడిగాను. నోటికి మళ్ళీ పాత మీరే వచ్చింది. "ఈ ఊళ్ళ గురించి మీకు ఉత్తరం రాసిందెవరు?"

"ఆ ఇంజనీరే."

అంటే ఇన్నేళ్ళూ ఏటేటా ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. వాళ్ళ అడ్రసు ఆయన డైరీలోనే ఉంది. మేడమ్ ఎలా ఉందో ఏటేటా ఆయనకి తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. ఆ పూట నాకు కోపం కూడా రాలేదు.

మూడో శనివారం బోర్నె. ఆయన బోర్నె అంటారు, ఊళ్ళోవాళ్ళు బర్నీ అంటారు. అక్కడ చూడాల్సినవి చాలానే ఉన్నాయట. మేము ఏమీ చూడలేదు. ఊరి మధ్య పచ్చికలో ఉన్న బల్ల దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, ముందు తెల్ల కాగితాలు పెట్టాను. "నేను తెలుగులో చెప్తాను. మీరు జర్మన్‌లో రాయండి. మేడమ్‌కి."

ఆయన ఎదురు చెప్పలేదు. నేను చెప్పాను, ఆయన రాశారు. ఆ సీటు సంగతి మా అమ్మాయికి తెలియదు. ఆమెకి చెప్పకుండా, ఆమె రానందని అబద్ధం చెప్పింది నేను. మీరు ఆమెతో మాట్లాడడం మానేసిన కారణం ఆమెకి నిన్నమొన్నటి దాకా తెలియదు. ఇప్పుడామె లాబ్‌లోనే పనిచేస్తోంది. చెమటకి ఆయన కళ్ళద్దాలు జారుతున్నాయి, మళ్ళీ మళ్ళీ పైకి తోసుకుంటూ రాశారు. నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే మండింది.

ఉత్తరం అయింది. కానీ ఆయన రాసింది నేను చెప్పిందేనని నాకెలా తెలుస్తుంది? ఒకసారి నా మాట మార్చిన మనిషి మళ్ళీ మార్చడని ఏముంది? ఆ మాట మొహం మీదే అనేశాను. "ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్దాం. ఆవిడ చేత చదివిస్తాను."

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు."

ముసలావిడ మమ్మల్ని చూసి కంగారుపడింది. సంగతి చెప్పి ఉత్తరం చేతికిచ్చాను. వరండాలో నిలబడి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మార్చి చదివింది. అంతా నేను చెప్పినట్టే ఉంది. ఒక్కచోట మాత్రం ఆగింది. "అబద్ధం చెప్పింది మేము, అని ఉంది."

"మేమా? నేను అని చెప్పాను."

ఆవిడ వేలు పెట్టి చూపించింది. వీర్ అంటే మేము. ఇష్ అంటే నేను. ఆ భాషలో నేను నేర్చుకున్న మొదటి రెండు మాటలు అవే.

"ఈ మేము ఎవరు నాన్నా? అమ్మకి చెప్పారా?"

"లేదు."

"మరి?"

ఆవిడ లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చింది. ఆయన చేతికిచ్చింది. ఆయన కొట్టేసి, దాని పైన చిన్న అక్షరాలతో రాశారు. ఆవిడ మళ్ళీ చదివింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అని నాతో చెప్పి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చూసి కూడా నాకు కోపమొచ్చింది. దారిలోనే పోస్ట్ చేశాం.

అమ్మకి నేను విడిగా ఏరోగ్రామ్ మీద ఉత్తరం రాశాను. నెలకి జవాబు వచ్చింది. "నాకూ చెప్పలేదే తల్లీ. ఆ మేడమ్ మన ఇంటికి రావడం ఎందుకు మానేసిందో అని నేనూ అనుకునేదాన్ని. రానీ ఆయన్ని, నేనడుగుతా." అడిగింది కూడా. నాన్న తిరిగి వెళ్ళాక అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదని, వచ్చిన చుట్టాలందరికీ ఈ కథే చెప్పిందని తమ్ముడు రాశాడు. నేను చదివి ఒంటరిగా నవ్వుకున్నాను.

మేడమ్ జవాబు నాన్న వెళ్ళిపోయాక వచ్చింది. ఇంగ్లీషులో, ఆరు వాక్యాలు. నిజం తెలిసినందుకు సంతోషం. ఆ సీటు నెల రోజులు ఆపి ఉంచాం. తర్వాత మరో అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి చాలా బాగా పనిచేసింది. నేను రిటైరయ్యాను. మీ కుటుంబానికి శుభాకాంక్షలు. అంతే. నేను రెండుసార్లు పెద్ద పెద్ద ఉత్తరాలు రాశాను. ఒక క్రిస్మస్ కార్డు వచ్చింది, కింద సంతకంతో. ఆవిడని తప్పు పట్టను. నేను రానని అనుకుంటూ ఆవిడ ఇరవై ఏళ్ళు బతికింది. ఒక్క కాగితంతో వెనక్కి రమ్మంటే ఎలా వస్తుంది? ఆ మరో అమ్మాయి మీద మాత్రం, ఆమెకి ఏ పాపం తెలియకపోయినా, చాలాకాలం కుళ్ళుకున్నాను.

ఈ గొడవలో నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది. అంతవరకూ నాన్న ఉత్తరమంటే నాలుగు లైన్లు. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను. ఆ వేసవి తర్వాత ఏరోగ్రామ్ అంచుల మీద కూడా రాసేవారు. ఎందుకు అలా చేశారో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా. వాళ్ళ నాన్న ఆయన్ని ఎలా పెంచారో రాశారు. జర్మనీలో మొదటి చలికాలం ఒక్కరే గదిలో కూర్చుని ఎలా ఏడ్చారో రాశారు. నన్ను ఆ గదిలో ఊహించుకోలేకపోయానన్నారు. నేను ప్రతిదానికీ ఎదురు వాదించేదాన్ని. నువ్వు ఏడ్చిన గదిలో నేను ఏడవకపోయేదాన్నేమో, చూడనిచ్చావా అని రాశాను. ఉత్తరాల్లో నువ్వు అనడమే అలవాటైపోయింది. ఆయన ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. నాలుగేళ్ళు తగవులాడుకున్నాం.

ఎనభైల చివర్లో ఒకరోజు, లాబ్ నుంచి వచ్చి మెయిల్ చూస్తుంటే ఆయన ఉత్తరం కనిపించింది. వంటింట్లో నిలబడే చదివాను. "అన్ని కారణాలూ రాశాను గానీ అసలుది రాయలేదు. ఆ రోజు నిన్ను అడిగితే ఏమంటావో నాకు తెలుసు. వెళ్తానంటావు. అందుకే అడగలేదు."

మా ఆయనకి చూపించాను. "పోనీ, చివరికి ఒప్పుకున్నారుగా" అన్నారు.

ఒప్పుకుంటే చల్లబడతానని నేనూ అనుకున్నాను. చల్లబడలేదు. నా జవాబు తెలిసి, ఆ జవాబుకి సరిగ్గా ఎదురు మాట నా పేరు మీద చెప్పిన మనిషి ఆయన. మూడు వారాలు ఏమీ రాయలేదు. నాలుగో వారం కూర్చుని, ఏరోగ్రామ్ మూడు వైపులా నింపి, కోపమంతా రాసి పంపాను.